ముందే పంచిన షర్బత్

"ఆ చక్కెర డబ్బా కింద పెట్టు ఇహ్సాన్! ఎవరన్నా చూస్తే నవ్విపోతారు!"

వంటింట్లోంచి ఇన్సాఫ్ గొంతు హాలు దాకా వినబడింది. హాల్లో కుర్చీ అంచున కూర్చున్న మెత్వల్లీ తల ఎత్తలేదు. అక్క అన్నదాంట్లో తప్పేం లేదు. మనిషి పోయిన ఇంట్లో కాఫీలో చక్కెర వెయ్యరు. వచ్చినవాళ్లు ఆ చేదు తాగి, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్తారు.

కానీ ఈ ఇంట్లో ఎవరు పోయారని?

ఆ మాట పైకి అందామనుకున్నాడు. ఎదురుగా నల్ల బట్టల్లో వరసగా కూర్చుని ముక్కులు చీదుకుంటున్న ఆడవాళ్లని చూసి మింగేశాడు. వీళ్లంతా పది రోజుల కిందట ఇదే హాల్లో ఎర్ర షర్బత్ తాగినవాళ్లే. పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన రోజున తన కూతురు నెస్మా మార్కులు వినీ వినగానే ఇన్సాఫ్ ఆగలేదు. బాల్కనీలోకి పరిగెత్తి, పెళ్లిలో వేసినట్టు నాలుక ఆడించి "లూలూలూ" అని కేక వేసింది. "మా నెస్మా డాక్టరయిపోయిందోచ్!" అంది. వీధంతా ఎగబడింది. గ్లాసులు చాలక పక్కిళ్ల నుంచి తెచ్చారు.

కటాఫ్ వచ్చేదాకా ఆగుదాం అని అప్పుడు ఒక్కరికీ తోచలేదు. బుర్రలో మెరిసినా ఆ హడావిడిలో నోరెవరు తెరుస్తారు?

నిన్న పొద్దున కటాఫ్ వచ్చింది. మెడిసిన్‌కి నెస్మా అర శాతం దూరంలో ఆగిపోయింది. డెంటల్‌కీ అందలేదు.

తెచ్చిన గ్లాసులు ఇంకా తిరిగివ్వనే లేదు. మూలనున్న బల్ల మీద, అడుగున ఎర్రగా ఎండిపోయిన షర్బత్‌తో వరసగా నిలబడి ఉన్నాయి. మెత్వల్లీకి వాటిని చూస్తే ఒళ్లు మండుతోంది, చూడకుండా ఉండలేకపోతున్నాడు.

"అర శాతమంట తల్లీ! చేతికందిన ముద్ద నేల పాలయింది," అంది ఎదురింటి ఉమ్మ్ హిలాల్.

"దిష్టి," అంది పక్కావిడ. "ఎవరి దిష్టో మరి."

"ఎవరి దిష్టంటావ్?" ఉమ్మ్ హిలాల్ గొంతు పెంచింది. "నావైపు చూసి అంటున్నావేం? నేనా రోజు ఒక్క గ్లాసే తాగా!"

మెత్వల్లీ లేచి వంటింట్లోకి వెళ్లాడు.

ఇహ్సాన్ నేల మీద పీట వేసుకుని చేపల పొలుసు గీకుతోంది. పొద్దుట్నుంచీ ఆమె నోటి వెంట మాట లేదు. మామూలు రోజుల్లో అయితే ఆవిడ మాటలు తప్పించుకోడానికే మెత్వల్లీ తన చేపల చెరువుల దగ్గరికి వెళ్లిపోతుంటాడు. 

"పిల్లేది?" అన్నాడు.

కత్తితో పైకి చూపించింది. డాబా మీద ఉందని.

"ఏమన్నా తిందా?"

భుజం ఎగరేసింది.

"చూడు ఇహ్సాన్, నువ్విలా మూతి ముడుచుకుని కూర్చుంటే ఎలా? మనకి దారుంది. నీ తమ్ముడు సబ్రీ చెప్పాడుగా. డబ్బు కడితే ప్రైవేటు కాలేజీలో మెడిసిన్ సీటుందని, మాట్లాడతానని. నేను చూసుకుంటానన్నా కదా."

కత్తి ఆగింది. ఇహ్సాన్ తలెత్తి మొగుడి మొహంలోకి సూటిగా చూసింది. ఏదో వినడానికి ఎదురుచూస్తున్నట్టుంది ఆ చూపు.

"ఎలా చూసుకుంటావ్?" అంది. ఇవాళ ఆవిడ పలికిన మొదటి మాట అదే.

"చూసుకుంటానంతే. మగాణ్ణి కదా."

ఆమె మళ్లీ తల దించుకుంది. పొలుసులు గోడ దాకా ఎగిరిపడ్డాయి.

మెత్వల్లీ అసలు మాట చెప్పలేకపోయాడు. నిన్న పొద్దు వాలేవేళ అసర్ నమాజు అయ్యాక, మసీదు మెట్ల దగ్గర తను చేసిన పని భార్యకి ఏ మొహంతో చెప్తాడు? ఊళ్లో చెరువులున్న పెద్దమనిషి హాజీ బయ్యూమీ చేతిలో చెయ్యి వేసి, మాట ఖాయమని ఇద్దరూ కలిసి ఖురాన్‌లోని ఫాతిహా చదివేశారు. చెరువుల కౌలు హక్కు, వాటిలో ఉన్న చేపతో సహా, నీళ్లలో గాలి ఊదే ఏరేటర్లతో సహా, ఇక హాజీది. ఇరవై ఏళ్లు కౌలుకి చేసుకున్న చెరువులు. ఇవాళ మధ్యాహ్నం నమాజు తర్వాత హాజీ వచ్చి గట్టు మీది షెడ్డు తాళాలు తీసుకుంటాడు. ఆ ఊళ్లో కాగితాల మీద సంతకాలు పెట్టి ఎగ్గొట్టినవాళ్లున్నారు గానీ, ఫాతిహా చదివి మాట తప్పినవాడు మాత్రం లేడు. ఒకడుండేవాడని చెప్పుకుంటారు. వాడు ఊరొదిలి వెళ్లిపోయాడు.

అయితే ఏంటి? పిల్ల డాక్టరవుతుంది. అంతే చాలు.

అలా తనకి తను సర్దిచెప్పుకుంటూ డాబా మెట్లెక్కాడు.  ఫలితాల రోజుల్లో పిల్లలు ఏమేం చేసుకుంటారో ఎన్ని వినలేదు! నిన్నట్నుంచి పిల్ల ఏడవలేదు. అరవలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. అదే అతని భయం. సగం మెట్లు ఎక్కాక ఇక నడవలేక పరిగెత్తాడు.

తలుపు తోశాడు.

బాతుల దొడ్డి పక్కన, పావురాల గూటి నీడలో, బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఉంది నెస్మా. ఒళ్లో సగం పుచ్చకాయ. చేతిలో చెంచా. పక్కన కాగితంలో తెల్ల జున్ను ముక్క. ఒక బాతు మెడ చాచి ఆమె మోకాలు పొడుస్తుంటే, "నీ వాటా అయిపోయిందమ్మా, సిగ్గుండాలి," అంటోంది.

తండ్రిని చూసి చెంచా నోట్లోనే ఉంచేసుకుంది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు మెత్వల్లీ రొప్పుతూ.

నెమ్మదిగా చెంచా తీసింది. "పుచ్చకాయ తింటున్నా."

"కిందంతా నీకోసం ఏడుస్తున్నారు!"

"తెలుసు నాన్నా. అందుకే పైకొచ్చా. వాళ్ల ముందు తింటే బాగోదుగా."

మెత్వల్లీ దగ్గరికొచ్చి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. కళ్లలోకి చూశాడు. ఏడ్చిన జాడ లేదు. పిల్లకి మతి చలించిందేమో అనుకున్నాడు.

"నెస్మా, తల్లీ, నాతో చెప్పు. ఎలా ఉంది నీకు? ఒంట్లో ఏమన్నా..."

"నాన్నా, నాకు ఏడుపు రావట్లేదు." పుచ్చకాయ పక్కన పెట్టింది. "నిన్నట్నుంచి ప్రయత్నిస్తున్నా. రావట్లేదు. అత్తయ్య మొహం చూసినా రాలేదు. నిన్న కటాఫ్ చూశాక నేనేం చేశానో తెలుసా? పడుకున్నా. హాయిగా. మూడేళ్లలో అంత నిద్ర ఎరగను. లేచాక భయమేసింది. ఇంత మంది బాధపడుతుంటే నాకు ఇంత తేలిగ్గా ఉందేంటి, నేను మంచిదాన్ని కాదా అని."

మెత్వల్లీ బాతుల దొడ్డి గోడ మీద కూలబడ్డాడు. 

"అల్హందులిల్లా, దేవుడు చల్లగా చూశాడు," అన్నాడు. రెండోసారి కూడా అన్నాడు. ఆ తర్వాత కోపం వచ్చింది.

"మరి మూడేళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావే? మెడిసిన్ వద్దని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"ఎవరికి చెప్పను? నేను పదో క్లాసులో ఉండగానే కాఫీ హోటల్లో కూర్చుని నన్ను డాక్టర్ని చేసేశావ్ నువ్వు. నిన్ను 'డాక్టరమ్మ నాన్నా' అని పిలిస్తే నీ మొహం ఎలా వెలిగేదో నీకు తెలీదు. నాకు తెలుసు. చెరువు నుంచి చచ్చేట్టు అలిసి వచ్చేవాడివి. ఆ ఒక్క పిలుపుకి నీ నడుము నిటారయ్యేది. దాన్ని నేనెలా లాక్కోను?"

 బాతు మెత్వల్లీ చెప్పు పొడిచి చూసి, రుచి లేక వెళ్లిపోయింది.

అతను గడ్డం గోక్కున్నాడు. "సరే. మెడిసిన్ వద్దు. మరేం కావాలి? ఫార్మసీ వస్తుంది నీకు. సబ్రీ మావయ్య షాపుంది."

"మావయ్య షాపు పక్కన ఇంకో మందుల షాపుంది నాన్నా. ఎదురుగా మరోటి. మూడిట్లోనూ మనుషులు ఈగలు తోలుకుంటున్నారు. నేను వెళ్లి నాలుగో ఈగ తోలనా?"

"మరి?"

ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది. "వెటర్నరీ. చేపల రోగాలు చదవాలని ఉంది."

మెత్వల్లీ ఒక్క ఉదుటున లేచాడు. "ఏంటీ?"

"చేపల..."

"వినబడింది! చెవుడు రాలేదు నాకు! తొంభై దాటిన మార్కులు తెచ్చుకుని గేదెల కాలేజీకి వెళ్తావా? నీకన్నా ఎంతో తక్కువొచ్చినవాళ్లు కూర్చునే బెంచీ మీద కూర్చుంటావా? మార్కులన్నీ ఏట్లో పోసినట్టే కదే! మాంసం ధర ఇచ్చి ఎముకలు తెచ్చుకునేవాళ్లని చూశావా ఎక్కడన్నా?"

"మార్కులు నావి నాన్నా. నావి నేను పారేసుకుంటా."

"నావి కూడా! నీ ట్యూషన్ల కోసం నేనెంత..." ఆగాడు. ఆ మాట అనకూడదనుకున్నాడు. పాదాలు ముందుకి చాపాడు. మడమలు ఎండిన చెరువు నేలలా పగిలి ఉన్నాయి. "ఇవి చూడు. ఈ బురదలో నేను దిగాను, నువ్వు దిగకూడదని. ఒక్కసారి కూడా నిన్ను గట్టు దాటనిచ్చానా? ఇప్పుడు నువ్వొచ్చి చదువుకుని మరీ దిగుతానంటున్నావ్. బోల్తీ చేపకి నాడి ఎక్కడ పట్టుకుంటావే? నాలుక చాపమంటావా?"

నెస్మాకి నవ్వొచ్చింది. అదిమిపెట్టింది. కానీ అతనూ చూశాడు, అతని మూతి కూడా కొంచెం వంకర తిరిగింది. వెంటనే సర్దుకున్నాడు.

"నాన్నా, ఒకటడుగుతా. చెరువులో చేప తేలితే నువ్వెవర్ని అడుగుతావ్?"

"మేత అమ్మేవాణ్ణి."

"వాడేం మందు చెప్తాడు?"

మెత్వల్లీ చూపు బాతుల మీదకి తిప్పాడు.

"వాడి షాపులో అమ్ముడుపోకుండా మిగిలిన మందు చెప్తాడు. మన ఊరే కాదు, ఊరి పక్క సరస్సు చుట్టూ ఎన్ని చెరువులు! అందరిదీ అదే కథ. పోయినేడు మేత కంపెనీ వాళ్లు ఒకావిణ్ణి పంపారు గుర్తుందా? చేపల డాక్టరు. జీపులో వచ్చింది. నీళ్లు సీసాలో పట్టింది, చేప మొప్ప ఎత్తి చూసింది. నువ్వేం చేశావ్?"

"ఏం చేశాను?"

"కుర్చీ తెచ్చి వేశావ్. వేసి, గుడ్డ దొరక్క నీ చొక్కా అంచుతో తుడిచావ్. ఆవిడ బూట్లకి మోకాళ్ల దాకా బురదుంది నాన్నా. అయినా నువ్వు కుర్చీ తుడిచావ్. నేను గట్టు మీంచి చూశా. నువ్వు దాటనివ్వని గట్టు మీంచే."

పావురాలు గూట్లో గురగురలాడాయి. మెత్వల్లీ పిట్టగోడ దగ్గరికెళ్లి వీధి వైపు తిరిగాడు. పిల్ల మాటలు ఎక్కడికో దిగాయి. కానీ ఆ గట్టు, ఆ చెరువులు ఇప్పుడు తనవి కావు.

"నేనో పని చేశానే," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"ఏం పని?"

"సబ్రీ మావయ్య చెప్పిన ప్రైవేటు సీటు కోసం... చెరువులు హాజీ బయ్యూమీకి ఇచ్చేశా. నిన్న. ఫాతిహా చదివేశాం."

చెంచా కింద పడింది.

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావని."

"అమ్మకి తెలుసా?"

"లేదు."

వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడయింది. తిరిగి చూస్తే నెస్మా రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని ఉంది. నిన్నట్నుంచి ఊరంతా ఎదురుచూసిన ఏడుపు ఇప్పుడొచ్చింది.

"నేను వద్దనుకున్న సీటు కోసం నీ చెరువులిచ్చేశావా నాన్నా? నేను నోరు మూసుకుని కూర్చున్నందుకా?"

అతను దగ్గరికి వెళ్లి తల నిమరబోయాడు. అంతలో కిందనుంచి ఇన్సాఫ్ కేక.

"తమ్ముడూ! హాజీ గారొచ్చారు! పాపం, పెద్దమనిషి, పరామర్శకి ఆయనా వచ్చారు!"

మెత్వల్లీ కిందికి దిగాడు. ఎక్కేటప్పుడు పరిగెత్తిన మెట్లే, దిగుతుంటే ఎంతకీ తరగలేదు.

హాజీ బయ్యూమీ పెద్ద కుర్చీలో నిండుగా కూర్చుని ఉన్నాడు. చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టి, దాని మీద గడ్డం ఆనించాడు. ఆడవాళ్లు ఓ పక్కకి సర్దుకున్నారు.   హాజీ ఎందుకో ఉక్కిరిబిక్కిరిగా ఉన్నాడు.

"అంతా రాసిపెట్టిందే మెత్వల్లీ," అన్నాడు చివరికి.

"అంతే హాజీ గారూ."

ఇహ్సాన్ పళ్లెం పట్టుకుని వచ్చింది. మొదటి కప్పు హాజీకి ఇచ్చింది. ఆయన మొహం చేదుకి సిద్ధం చేసుకుని ఓ గుక్క తాగాడు. కనుబొమ్మలు పైకి లేచాయి. కప్పులోకి చూశాడు. ఇంకో గుక్క తాగాడు.

"తియ్యగా ఉందే," అన్నాడు.

ఇన్సాఫ్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! ఇహ్సాన్! వెయ్యొద్దన్నా కదా!"

"వేశా వదినా. చెంచాన్నర వేశా." ఇహ్సాన్ పళ్లెం బల్ల మీద పెట్టి, చీదుతున్న ఆడవాళ్లందరి వైపూ ఒకసారి చూసింది. "నా ఇంట్లో ఎవరూ పోలేదు. పిల్ల సీటు పోయింది, పిల్ల పోలేదు. పైన పుచ్చకాయ తింటోంది. నేనే కోసిచ్చా."



అప్పుడు ఇహ్సాన్ మొగుడి వైపు తిరిగింది. "నువ్వేమన్నా చెప్పాల్సింది ఉందా నాకు? హాజీ గారు కూడా ఉన్నారు."

మెత్వల్లీ నేల చూపులు చూశాడు.

"లేదా? సరే, నేనే చెప్తా. నిన్న సాయంత్రం రొట్టెల పొయ్యి దగ్గర హాజీ గారింటావిడ నన్ను వాటేసుకుని, 'మీ చెరువులు మాకొచ్చాయంటగా, కలిసొస్తాయిలే' అంది. రొట్టెలు చేతిలో పట్టుకుని ఇంటికెలా వచ్చానో నాకే తెలీదు. అప్పట్నుంచి చూస్తున్నా. చెప్తావేమో, ఇప్పుడు చెప్తావేమో అని. వంటింట్లోకి వచ్చావ్, ఇప్పుడు చెప్తాడులే అనుకున్నా. 'మగాణ్ణి కదా' అని వెళ్లిపోయావ్."

హాజీ ఇబ్బందిగా దగ్గాడు. "మా ఆవిడకి నోరాగదు," అని గొణిగాడు.

మెత్వల్లీ లేచి నిలబడ్డాడు.  ఈ వీధిలో ఇంతమంది ముందు ఈ మాట అనాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"హాజీ గారూ. నేను... నాకా మాట వెనక్కివ్వండి."

హాజీ కర్ర నేలకి తాటించాడు. "ఏంటీ? ఫాతిహా అంటే పిల్లలాటనుకున్నావా? నా దగ్గరికి నువ్వొచ్చావా, నీ దగ్గరికి నేనొచ్చానా? మెడిసిన్ కోసం అన్నావ్, పిల్ల భవిష్యత్తన్నావ్, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు!"

"నిజమే హాజీ గారూ."

"మరి ఇప్పుడేమొచ్చింది?"

"నేను మెడిసిన్ చదవను తాతా."

అందరూ మెట్ల వైపు చూశారు. నెస్మా నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గౌను మీద పుచ్చకాయ మరక.

"నాన్న నన్నడక్కుండా మాటిచ్చాడు. నేను నాన్నకి చెప్పకుండా మూడేళ్లు ఊరుకున్నా. తప్పు ఇద్దరిదీ. మీదేం లేదు."

హాజీ ఆమెని ఎగాదిగా చూశాడు. "మరేం చదువుతావ్?"

"వెటర్నరీ. చేపల జబ్బులు."

"చేపకి జబ్బు చేస్తే రాత్రికి రాత్రి వలేసి పట్టి, పొద్దున్నే మార్కెట్‌లో అమ్మేస్తాం. దానికి చదువెందుకే?"

"అలా కొన్నవాళ్లు మళ్లీ మీ దగ్గరికే వచ్చారా తాతా?"

ఉమ్మ్ హిలాల్ పకపకా నవ్వి, ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆయన మళ్లీ రాలేదు హాజీ గారూ! ఆ చేప నాకు గుర్తుంది!"

మెత్వల్లీ కళ్లు మూసుకున్నాడు. ఇంకేముంది, అయిపోయింది, ఈ పిల్ల నోరు కొంప ముంచింది అనుకున్నాడు.

కానీ హాజీ కేక వెయ్యలేదు. కప్పు ఎత్తి మిగిలిన కాఫీ అంతా తాగేశాడు. ఖాళీ కప్పుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, పెద్ద మూట దించుకున్నవాడిలా భుజాలు వదిలేశాడు.

"నిజం చెప్పనా మెత్వల్లీ? నాకున్న చెరువులకే ఏరేటర్లు తిప్పలేక చస్తున్నా. నిన్న ఇంటికెళ్లి చెప్తే నా కొడుకు నామీద ఇంతెత్తు లేచాడు. 'నీకు మతుందా నాన్నా, ఉన్నవి చూసుకోవడానికే మనుషుల్లేరు' అని. రాత్రంతా నిద్ర లేదు. నువ్వు చెయ్యి పట్టుకుని ఆ మొహం పెడితే కాదనలేకపోయాను, అంతే."

"అంటే... మీకూ వద్దా?"

"వద్దు! కానీ ఫాతిహా చదివాక నేనెలా అంటాను వద్దని? నువ్వే అనాలి! పొద్దుట్నుంచి నువ్వంటావని దువా చేస్తున్నా!"

ఒక్కసారిగా హాలంతా ఊపిరి వదిలింది. ఎవరో నవ్వారు. ఇహ్సాన్ గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకుంది.

హాజీ కర్ర పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు. "పిల్ల మెడిసిన్ కోసమని చదివాం. ఆ పనే లేనప్పుడు మాట నిలబడదు. కానీ అలా గాల్లో వదిలెయ్యకూడదు. ఫాతిహా చదివే విప్పుకుందాం. చేతులెత్తండి."

రెండు అరచేతులూ చాచాడు. మెత్వల్లీ చాచాడు. వెనక ఆడవాళ్లు కూడా చాచారు. పెదాలు కదిలాయి. అయిపోయాక అందరూ అరచేతులతో మొహం తుడుచుకున్నారు. మెత్వల్లీ మాత్రం చాలాసేపు చేతులు తియ్యలేదు. తీసేసరికి అరచేతులు తడిగా ఉన్నాయి.

"అంటే..." ఇన్సాఫ్ ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు మొహం పెట్టింది. "వెటర్నరీ చదివినవాళ్లని ఏమని పిలుస్తారు?"

"డాక్టరనే అత్తయ్యా," అంది నెస్మా.

"డాక్టరనేనా?"

"ఆఁ."

"అయితే మరి పొద్దుట్నుంచి ఎందుకేడ్చి చచ్చాం?" అంటూ ఇన్సాఫ్ లేచింది. ఎవరూ పట్టుకునే లోపల బాల్కనీలోకి వెళ్లింది. నాలుక ఆడించింది. "లూలూలూలూ!"

"అక్కా! వద్దు!" మెత్వల్లీ పరిగెత్తాడు. ఆలస్యమైపోయింది. కిందింటి కిటికీ తెరుచుకుంది. ఎదురింటిది తెరుచుకుంది. ఇస్త్రీ బండి దగ్గరున్నవాళ్లు, పాల కొట్టు దగ్గరున్నవాళ్లు, అంతా తలలెత్తారు.

"ఏమయింది ఇన్సాఫ్? కటాఫ్ తగ్గించారా?"

"మెడిసిన్ వచ్చేసిందా?"

"డాక్టరమ్మ నాన్నా! మబ్రూక్, శుభం!"

మెత్వల్లీ బాల్కనీ ఊచలు పట్టుకుని ఆగిపోయాడు. ఆ పిలుపు! మూడేళ్లుగా నడుము నిలబెట్టిన పిలుపు. చెయ్యి ఊపి ఊరుకుంటే చాలు. మిగతాది వీధే అల్లుకుంటుంది. రేపెప్పుడో నెమ్మదిగా తెలుస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు.

వెనక నెస్మా వచ్చి నిలబడింది. 

మెత్వల్లీకి తను చొక్కా అంచుతో తుడిచిన కుర్చీ గుర్తొచ్చింది.

"మెడిసిన్ రాలేదు!" అని అరిచాడు.  "రాలేదు, అడగట్లేదు కూడా! మా అమ్మాయి వెటర్నరీ చదువుతుంది! చేపల డాక్టరు!"

ఎవరికీ ఏమనాలో తెలీలేదు. అయ్యో అనాలా, మబ్రూక్ అనాలా? ఇస్త్రీ పెట్టె చేతిలో పట్టుకున్నవాడు అలాగే ఉన్నాడు, చొక్కా మీంచి సన్నగా పొగ లేస్తోంది.

"చేపలకేనా?" అంది ఉమ్మ్ హిలాల్ లోపల్నుంచి వచ్చి. "మా పెద్ద బాతు రెండ్రోజుల్నుంచి కుంటుతోంది. దాన్ని చూస్తుందా చూడదా?"

"ముందు కాలేజీలో చేరనివ్వవే!" అన్నాడు మెత్వల్లీ.

నవ్వు ఒక బాల్కనీలో మొదలై వీధి చివరిదాకా పాకింది. నెస్మా తండ్రి భుజం మీద తల పెట్టి నవ్వుతోంది. ఇహ్సాన్ మూలనున్న షర్బత్ గ్లాసులు పళ్లెంలోకి ఎత్తి, కడగడానికి పట్టుకెళ్తూ ఆగింది. వీధి మొగలో కారు హారన్ మోగింది.

తెల్ల కారు. అందులోంచి దిగాడు సబ్రీ, ఇహ్సాన్ తమ్ముడు. కొత్త చొక్కా. ఒక చేతిలో స్వీట్ల పెట్టె, ఇంకో చేతిలో ప్రైవేటు కాలేజీ బొమ్మ వేసిన సంచీ. వీధంతా నవ్వుతుండటం చూసి మొహం ఇంత చేసుకుని పైకి చూశాడు.

"బావా! అప్పుడే తెలిసిపోయిందా? సీటు మాట్లాడేశా! మా అత్తారింట్లో కూడా అందరికీ చెప్పేశా!"

బాల్కనీలో నవ్వులు ఆగిపోయాయి. మెత్వల్లీ మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"నీ తమ్ముడే కదా. నువ్వే చెప్పు."

ఇహ్సాన్ బాల్కనీలోకి వచ్చి కిందికి చూసింది. తమ్ముడు ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కుతున్న చప్పుడు దగ్గరవుతోంది. గ్లాసుల పళ్లెం మొగుడి చేతిలో పెట్టి వంటింటి వైపు నడిచింది.

"ముందు కూర్చోబెట్టు. కాఫీ తెస్తా," అంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"వాడికి మాత్రం చక్కెర లేకుండానే."